ఆకుపచ్చ బండలు

హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపించిన వారం, నేను అటక మీది పాత ఫోటోల డబ్బా దించాను. 2006లో మా శేరిలింగంపల్లి బండలను తీసిన బొమ్మలు అందులో ఉండాలి. ఉన్నాయి. కానీ బండలన్నీ ఆకుపచ్చగా, ఆకాశం నిమ్మపండు రంగులో ఉన్నాయి.

తప్పు ఫిల్ముది కాదు, నాది. ఆ రోజుల్లో నాకు క్రాస్ ప్రాసెసింగ్ పిచ్చి పట్టింది. తెలియనివారి కోసం రెండు మాటలు. నెగెటివ్ ఫిల్మును కడిగే పద్ధతి సీ-41, స్లైడు ఫిల్మును కడిగే పద్ధతి ఈ-6. ఈ-6లో బొమ్మ ముందు నలుపు తెలుపుల్లో తేలి, తర్వాత తిరగబడి, మిగిలిన చోట రంగు పట్టుకుంటుంది. అందుకే స్లైడులో నేరుగా అసలు రంగులే కనిపిస్తాయి. అదే ఫిల్మును సీ-41 మందులో ముంచితే బొమ్మ తిరగబడదు, నెగెటివ్‌గానే ఉండిపోతుంది. మామూలు నెగెటివ్‌కుండే నారింజ ఛాయ దీనికుండదు కనుక, ఆ ఛాయకు అలవాటుపడిన ప్రింటింగ్ యంత్రం తికమకపడుతుంది. వెలుగునీడల తేడా పెరుగుతుంది. రంగులు కొన్ని ఫిల్ముల్లో ఆకుపచ్చకు, కొన్నింటిలో ఎరుపుకు ఒరుగుతాయి.

ఏం వస్తుందో తెలియకపోవడమే నాకు నచ్చింది. "సార్, ఇది స్లైడు రీలు, పాడైపోతుంది" అని ల్యాబు కుర్రవాడు రెండుసార్లు హెచ్చరించాడు. "పరవాలేదు, కడిగెయ్" అన్నాను. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మా చుట్టూ లేచిన అద్దాల మేడలకు ఆ విషపు పచ్చదనం సరిగ్గా అతికిందనిపించింది. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

2010లో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ తొలినాళ్ళ ఫిల్టర్లలో ఎక్స్-ప్రో 2 దీనికి అనుకరణే. నచ్చకపోతే ఫిల్టరు తీసేయవచ్చు, మందులో మునిగిన రీలుకు ఆ వీలు లేదు. ప్రయోగానికి విలువ ఆ తెగింపులోనే ఉందని మిత్రులతో వాదించేవాణ్ణి. అది సగమే నిజం.

అద్దాల మేడను రేపు మరో రీలుతో మళ్ళీ తీయవచ్చు. సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు గుట్ట అలా కాదు. మా వీధి వెనక గుట్టను నేను ఆ ఒక్క రీలులోనే తీశాను. రెండేళ్ళలో దాన్ని పేల్చి చదును చేశారు. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు. "నాన్నా, నిజంగా ఇలాగే ఉండేదా?" అని మా అమ్మాయి అడిగితే, పొద్దుటి ఎండలో ఆ బండకు వచ్చే లేత గులాబీ రంగును మాటల్లో చెప్పవలసి వచ్చింది.

కంప్యూటర్లో రంగులు సరిచేయవచ్చు కదా అంటారు. చేసి చూశాను. సరిచేయడానికి నా జ్ఞాపకం తప్ప మరో ఆధారం లేదు. ఇరవై ఏళ్ళలో దాని రంగు మాత్రం ఒరగలేదని ఎలా నమ్మను?

2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ స్లైడు ఫిల్మును కొడాక్ 2018లో మళ్ళీ తెచ్చింది. కొత్తగా ఫిల్ము పట్టిన యువకులు ఈ ప్రయోగం గురించి నన్ను అడుగుతుంటారు. తప్పక చేయండి. కానీ మీరు తీస్తున్నది రేపటికి ఉంటుందో లేదో ఒక్కసారి ఆలోచించండి. అనుమానముంటే ముందుగా ఒక రీలు దాని మందులోనే కడిగించి దాచండి. రెండో రీలుతో మీ ఇష్టం.