మంచె కంటే ముందు తాడు



ముప్పయి మూడేళ్ళు బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితుడు వేట సరంజామా గురించి వ్రాయడమేమిటని ఈ టపా చూసి మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, అభ్యంతరం లేదు. అయితే చివరి వరకూ చదివి నవ్వండి.

మా అబ్బాయి అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉంటాడు. ఆరు నెలలుండి పోదామని నేనూ, మా ఇంటావిడా వచ్చాము. వచ్చిన రెండో వారంలోనే తెలిసింది, వాడు రెండేళ్ళుగా విలువిద్య నేర్చుకుంటున్నాడనీ, ఈ ఏడు అనుమతి పత్రం తీసుకొని విల్లంబులతో జింకల వేటకు పోదలచాడనీ. ఇక్కడ విల్లుతో వేటాడే కాలం సెప్టెంబరు మధ్యలో మొదలై జనవరి మొదటి రోజుల వరకూ సాగుతుంది. తుపాకి వేటకు నవంబరు చివరలో తొమ్మిది రోజులు వేరే ఉన్నాయి. జింకల వేటకు విల్లంబుల ఋతువును ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన మొదటి రాష్ట్రం ఇదేనట, 1934లో.

వేట ధర్మమా అధర్మమా అన్న చర్చ ఈ టపాలో చేయను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వినోదం కోసం వేటాడటం నేరం. ఇక్కడ అది చట్టబద్ధం. లెక్క ప్రకారం, కాలం ప్రకారం జరుగుతుంది. నాకు ఇష్టం లేదు. ఆ మాట వాడితో చెప్పాను. "నాన్నగారూ, మీ ఇష్టం నాకు తెలుసు, కాని ఇది నా నిర్ణయం" అన్నాడు. నలభయ్యేళ్ళ కొడుకుతో అంతకు మించి వాదించడం మర్యాద కాదు. మా ఇంటావిడ మాత్రం ఆ మాంసం తన వంటింటి గడప దాటరాదని తీర్మానించింది. వాడు గరాజులో వేరే పొయ్యి పెట్టుకుంటానన్నాడు. అంతటితో ఆ తగవు తీరింది.

తీరనిది మంచె తగవు.

విల్లుతో వేటాడేవాడు జింకకు ఇరవై ముప్పయి గజాల దూరంలోకి రావాలి. తెల్లతోక జింకకు ముక్కు వాడి ఎక్కువ, కన్ను వాడీ ఎక్కువే. నేలమీద నిలబడితే ఇట్టే పసిగడుతుంది. అందుచేత చెట్టుకు పదిహేను ఇరవై అడుగుల ఎత్తున ఒక చిన్న అరుగు కట్టుకొని, దానిమీద కూర్చొని, గాలి వాటం చూసుకొని ఎదురు చూస్తారు. దానిని ఇక్కడివారు ట్రీ స్టాండ్ అంటారు. దానికి మనం కొత్తగా మాట పుట్టించనక్కరలేదు. మన జొన్నచేలలో పిట్టలను తోలడానికి కట్టుకునే మంచె ఉండనే ఉంది. సంస్కృతంలోని 'మంచ' శబ్దం నుండి మనకు మంచమూ మంచే వచ్చాయి, హిందీవారికి మచాన్ వచ్చింది. జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను కాల్చింది మామిడిచెట్టు మీద కట్టిన మచాన్ నుండే. కనుక ఈ టపాలో నేను మంచె అనే వ్రాస్తాను.

మోసుకుపోగలిగిన మంచెలు అంగట్లో స్థూలంగా నాలుగు రకాలు. వాటికి నేను పెట్టుకున్న తెలుగు పేర్లు ఇవి, ఇంతకంటే మంచివి తోస్తే చెప్పండి.

మొదటిది నిచ్చెన మంచె. పదిహేను నుండి ఇరవై అడుగుల ఉక్కు నిచ్చెన, దాని తలపై కుర్చీ. బరువెక్కువ, ఒక్కడు నిలబెట్టలేడు. కనీసం ముగ్గురుండాలని తయారీదారులే చెబుతారు. ఒకచోట పెడితే ఆ ఋతువంతా అక్కడే. కాని ఎక్కడం దిగడం ఇంట్లో అటక ఎక్కినంత తేలిక.

రెండవది తగిలింపు మంచె. చిన్న అరుగును పట్టీతోనో గొలుసుతోనో మానుకు బిగిస్తారు. అరుగు తేలికే, కాని అక్కడికి చేరడానికి విడివిడి మెట్లు కూడా మానుకు కట్టాలి. మెట్టు మీద నుండి అరుగు మీదికి అడుగు మార్చే క్షణమే దీనిలో గండం.

మూడవది ఎగబాకు మంచె. రెండు ముక్కలుంటాయి. ఒకదానిలో పాదాలు, ఒకదానిమీద చేతులు ఉంచి గొంగళిపురుగులా పైకి జరుపుకుంటూ పోవాలి. మెట్లు అక్కరలేదు. అయితే దీనికి కొమ్మలు లేని నిటారైన మాను కావాలి. మరీ సన్నమూ కాకూడదు, మరీ లావూ కాకూడదు. బెరడు పెచ్చులుగా ఊడే హికరీ జాతి చెట్లకూ, మంచు పట్టిన మానులకూ ఇది పనికిరాదు.

నాలుగవది జీను. ఇది మంచె కూడా కాదు. నడుముకు చుట్టుకున్న జోలెలో కూర్చొని, కాళ్ళు మానుకు తన్నిపెట్టి వ్రేలాడటం. అన్నిటికంటే తేలిక. అలవాటు లేనివారికి అన్నిటికంటే కష్టం.

మా అబ్బాయి మూడవదానిపై మనసు పడ్డాడు. వాడి వాదంలో బలం లేకపోలేదు. జింక ఒకచోట మనిషి వాసన రెండుసార్లు పట్టిందంటే ఆ దారి మానుకుంటుంది, అప్పుడు మనమూ చోటు మారాలి. ప్రభుత్వ అడవులలో చాలాచోట్ల చెట్టుకు మేకులు, మరలు దిగగొట్టరాదు, మంచెను ఋతువంతా వదిలిపెట్టనివ్వరు. వీపున తగిలించుకొని పోయి, సాయంత్రం మళ్ళీ తెచ్చుకోగలిగినదే అక్కడ పనికొస్తుంది. ఇది న్యాయమే. తేలికగా, చప్పుడు లేకుండా, ఎత్తుకు పోయేది కావాలని వాడు నాలుగు రాత్రులు కంప్యూటరు ముందు కూర్చొని తూకాలు పోల్చాడు. దాని ధర చూసి నడుము పట్టీల వంతు వచ్చేసరికి చౌకదానితో సరిపెట్టబోయాడు. అక్కడ నేను అడ్డుపడ్డాను.

నా అభిప్రాయం ఒక్క వాక్యంలో చెబుతాను. మంచెను ఎంచుకోవడం మంచెతో మొదలు కాకూడదు. తాడుతో మొదలై, ఒంటితోనూ చెట్టుతోనూ సాగి, మంచెతో ముగియాలి.

తాడంటే ఒళ్ళంతా పట్టి ఉండే పట్టీల చొక్కా. భుజాలు, రొమ్ము, తొడలు అన్నిటినీ చుట్టి, వెన్ను మీదుగా ఒక పట్టీతో మానుకు బంధించేది. నడుముకు మాత్రమే కట్టుకునే పాతకాలపు బెల్టులు పడినప్పుడు ప్రాణం నిలపకపోగా ఊపిరి బిగపడతాయి. మానుకు కట్టే పట్టీ తలకు పైన ఉండాలి. కూర్చున్నప్పుడు అందులో వదులు ఉండరాదు. పడి వ్రేలాడినా కదలకుండా ఉంటే తొడల పట్టీలు రక్తాన్ని ఆపేస్తాయి గనుక, కాలు మోపుకోవడానికి ఒక ఉచ్చు కూడా దగ్గర ఉంచుకోవాలి. ఇంతకంటే ముఖ్యమైన మాట. మనుషులు ఎక్కువగా పడేది కూర్చున్నప్పుడు కాదు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. అందుకు చెట్టు మొదలు నుండి మంచె పైవరకూ ఒక తాడు కట్టి, దానిపై ప్రూసిక్ ముడిని జరుపుకుంటూ పోతారు. బరువు పడగానే బిగిసే ముడి అది, ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ పేర వచ్చింది. పాదం నేల విడిచిన క్షణం నుండి మళ్ళీ నేల తాకే వరకూ మనిషి చెట్టుకు కట్టబడే ఉండాలి. నిచ్చెన, తగిలింపు మంచెలకు ఈ తాడు ముందే కట్టి ఉంచవచ్చు. ఎగబాకేటప్పుడైతే పట్టీనే అడుగడుగుకూ పైకి జరుపుకోవాలి. కొత్తవాడు మరచేది సరిగ్గా అక్కడే.

తరువాత ఒళ్ళు. మంచెలపై ఇంత బరువు మోస్తుందని వ్రాసి ఉంటుంది, సాధారణంగా 300 పౌండ్లు, అంటే సుమారు 136 కిలోలు. అది మనిషి తూకం ఒక్కటే కాదు. చలి దుస్తులు, బూట్లు, సంచి, విల్లు అన్నీ కలిపి. డిసెంబరులో ఇక్కడి మనిషి జూన్ నాటి మనిషి కాడు. అరుగుమీద లేచి నిలబడి, విల్లు పూర్తిగా లాగినప్పుడు దాని కొమ్ము మానుకు తగలకుండా చోటుండాలి. కుడిచేతి వాటం వాడికి ఎడమవైపు గురి సులువు, కనుక జింక దారి ఎడమకు వచ్చేలా చెట్టును ఎంచుకోవాలి. మరీ ఎత్తుకు పోతే వాసన తప్పించుకోవచ్చుగాని, బాణం నిటారుగా దిగి రెండు ఊపిరితిత్తులనూ అందుకోదు, జంతువు గాయంతో పారిపోతుంది. వేటను ఇష్టపడని నాకు ఇది అన్నిటికంటే బాధ కలిగించే మాట. చంపదలచినవాడు హింసించకుండా చంపాలి, అంత ఎత్తు చాలు.

ఇక చెట్టు. బ్రతికి ఉన్నదీ, నిటారుగా ఉన్నదీ కావాలి. ఈ ప్రాంతాలలో యాష్ చెట్లను పచ్చని పెంకు పురుగొకటి తొలిచి చంపుతోంది. 2002లో మిషిగన్‌లో కనబడి, 2008 నాటికి విస్కాన్సిన్ చేరింది. చచ్చిన యాష్ చెట్టు పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల పెళుసు. మంచె ఎంత ఖరీదైనదైనా అటువంటి చెట్టుమీద దండగ.

ఇవన్నీ విన్నాక మా అబ్బాయి, "నాన్నగారూ, మీకు ఇంత భయం ఎందుకు?" అన్నాడు.

అప్పుడు వాడికి ఒక సంగతి చెప్పాను. మా పెద్దన్నయ్య కుంటుతూ నడవడం వాడు చిన్నతనం నుండి చూశాడు. పోలియో అనుకున్నాడట. కాదు. 1969లో పల్నాడులో మా జొన్నచేలో మంచె కట్టారు. నాలుగు గుంజలు, రెండు నిలువుల ఎత్తు. మా నాన్న ఏటేటా పంట కంకి వేసే ముందు కట్లన్నీ విప్పి కొత్త జనుము తాడుతో కట్టేవాడు. ఆ ఏడు ఆయనకు జ్వరం. తాడు చూడటానికి బాగానే ఉంది కదా అని పాత కట్లే ఉంచారు. వడిసెల విసరడానికి అన్నయ్య లేచి నిలబడి ఒక్క ఊపు ఊపాడు. మూలకట్టు తెగింది. నేను క్రింద మజ్జిగ కుండతో నిలబడి ఉన్నాను. నాకు పదేళ్ళు, అన్నయ్యకు పద్నాలుగు. తుంటి విరిగింది. ఆ తరువాత ఆయన యాభై యేళ్ళు బ్రతికాడు, ఒక్కనాడూ నాన్నను నిందించలేదు. నాన్న మాత్రం ఆ తరువాత ఇంట్లో ఏ తాడు కనబడినా లాగి చూడకుండా వదిలేవాడు కాడు.

ఎండకూ వానకూ పడి ఉన్న తాడు చూపుకు బాగానే ఉంటుంది. నైలాను పట్టీ కూడా అంతే. ఇక్కడ మంచెల తయారీదారులు పట్టీలను రెండేళ్ళకొకసారి మార్చమంటారు, పట్టీల చొక్కాకూ ఒక గడువు ముద్రిస్తారు. అది వ్యాపారపు ఎత్తు అని మా అబ్బాయి అనుమానం. ఎవరి ఎత్తైనా కానీ, మా నాన్న ఏ వ్యాపారీ కాడు, ఏడాదికొకసారి మార్చేవాడు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ముందు పట్టీల చొక్కా, తాడు తెప్పించాడు. పొరుగున ఉన్న పెద్దాయనకు కొంత అడవి ఉంది. ఆయన అనుమతితో, ఆయన చేయీ మా చేతులూ కలిపి, ఒక ఓక్ చెట్టుకు పదిహేనడుగుల నిచ్చెన మంచె నిలబెట్టాము. ఈ మొదటి ఏడు ఒకే చోట, తెలిసిన చెట్టుమీద. ఒంటికి అలవాటు పడ్డాక ఎగబాకు మంచె కొనుక్కోవచ్చు, అప్పుడు నేను అడ్డురాను. విల్లును చేత పట్టుకొని ఎక్కకుండా, అమ్ము మొనలకు తొడుగు వేసి, తరువాత సన్నని తాడుతో పైకి లాక్కోవాలని ఒప్పందం. ఏ చెట్టుమీద ఉన్నాడో, ఎప్పటికి వస్తాడో ఫ్రిజ్ తలుపుమీద వ్రాసి పోవాలనీ, ఫోను సంచిలో కాక జేబులో ఉండాలనీ వాళ్ళమ్మ షరతు.

మొన్న నేను కూడా ఆ తాడు కట్టుకొని నాలుగు మెట్లు ఎక్కాను. ఆగి, అలవాటుగా తాడును ఒకసారి గట్టిగా లాగి చూశాను. వాడు క్రింద నిలబడి చూస్తున్నాడు. నేను దిగాక, వాడూ ఎక్కబోయే ముందు అలాగే లాగి చూశాడు.

వేట ఇష్టం లేని వాడిని వేట సరంజామా గురించి ఇంత వ్రాశాను. మీ పిల్లలెవరైనా ఎక్కడైనా ఎత్తుకు ఎక్కే పనిలో ఉంటే, అది వేట కానక్కరలేదు, ఇంటి కప్పైనా తాటిచెట్టైనా కరెంటు స్తంభమైనా సరే, వాళ్ళు ఎక్కే వస్తువు ధర తరువాత అడగండి. ముందు తాడు ఎప్పటిదని అడగండి.

నా తెలుగు పేర్లలో తప్పులుంటే దిద్దగలరు. సెలవు.