అటక మీది గజ్జెలు

సంక్రాంతి ఇంకో నెల ఉందనగా మా ఇంట్లో అటకలు దులిపే పని మొదలవుతుంది. మా అత్తగారి కాలం నాటి ఇత్తడి గంగాళం, అడుగు ఊడిన జాడీ, ఎవరూ తిరిగి చదవని పాత పంచాంగాలు. అన్నీ దింపుతాం, దులుపుతాం, మళ్ళీ అక్కడే పెడతాం. ఈసారి ఒక చిన్న మూట దొరికింది. నా పాత వంగపండు రంగు చీర ముక్కలో చుట్టిన గజ్జెలు.

దొరికింది అని రాశాను గానీ అది అబద్ధం. అక్కడున్నాయని నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందట వాటిని అటకెక్కించింది నేనే.

అవి మా మరిది కొడుకువి. వాడి పేరు రాయను. వాణ్ణి అడిగాకే ఇది రాస్తున్నాను, పేరు వద్దన్న ఒక్క షరతు మీద సరేనన్నాడు. కె.గంగవరంలో మాది ఒకే వాకిలి, రెండు వంటిళ్ళు. వాడు అన్నం వాళ్ళమ్మ దగ్గర, కూర నా దగ్గర తిని పెరిగాడు. నన్ను దొడ్డమ్మా అంటాడు.

అసలు డాన్సు నేర్పిద్దామనుకున్నది మా అమ్మాయికి. రామచంద్రపురంలో ఒక టీచరుగారు కూచిపూడి చెబుతున్నారని చేర్పించాం. తోడుగా వీడూ వెళ్ళాడు. మా అమ్మాయి మూడు నెలలకే మానేసింది. వీడు మానలేదు. స్కూలు వార్షికోత్సవంలో సత్యభామ వేషం కడితే, ఆ జడ నేనే వేశాను. నా పెళ్ళినాటి జడగంటలు పెట్టాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక మా అత్తగారు ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీశారు.

వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా ఓ పెళ్ళిలో ఎవరో పెద్దాయన నలుగురిలో ఏదో అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను, మీ ఊళ్ళోనూ అంటారు, మీకు తెలుసు. ఇంటికి రాగానే మా మరిది, రేపటి నుంచి డాన్సు లేదు, లెక్కల ట్యూషన్ అన్నాడు. పిల్లాడు ఏడవలేదు. గజ్జెలు తెచ్చి నా చేతిలో పెట్టి "దాచు దొడ్డమ్మా" అన్నాడు. దాచాను. పారేయలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు మా మరిదితో ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనలేకపోయాను. పెద్ద కోడల్ని, అనగల స్థానమే నాది. కానీ అనలేదు.

ఇంటర్‌కి వచ్చేసరికి వాడు మాట్లాడటం మానేశాడు. తిండి తగ్గింది. ఒక పట్నంలో ఎవరో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పిల్లాడి నడక చూసి, నాలుగు ప్రశ్నలు వేసి, ఆరు నెలల్లో మామూలు మనిషిని చేస్తానన్నాడట. ఆ మందులకి రోజుకి పధ్నాలుగు గంటలు నిద్రపోయేవాడు. పరీక్ష పోయింది. డబ్బు సంగతి సరే.

ఇప్పుడు వాడికి 24. హైదరాబాదులో ఉద్యోగం. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మకీ నాకూ కలిపి ఫోన్ చేసి చెప్పాడు. "నేను అబ్బాయినేనమ్మా, ఆ విషయంలో నాకేం తికమక లేదు. నాకు అబ్బాయిలంటేనే ఇష్టం, అంతే." మా తోడికోడలు ఆ రాత్రి నా గదిలోనే పడుకుంది. తెల్లవారుజామున అడిగింది, "అక్కా, డాన్సు నేర్పించడం వల్లే ఇలా అయ్యాడంటావా?"

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది చాలా ఇళ్ళలో ఉంది. కూచిపూడి అగ్రహారంలో తరతరాలుగా మగపిల్లలే ఆడవేషాలు కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా వస్తే జనం ఆడవాళ్ళే దిగదుడుపన్నారు. 1970లో పద్మశ్రీ ఇచ్చారు. నాటకాల్లో స్థానం నరసింహారావుగారు అంతకు ముందే, 1956లో, ఆడపాత్రలకే పేరుపడి పద్మశ్రీ అందుకున్నారు. ఆడవేషం కట్టడం వల్లే పిల్లలు అలా అయిపోతారంటే, కూచిపూడిలో ఇన్ని తరాల వంశాలు ఎలా నిలిచాయండీ? డాన్సు చేసే మగపిల్లలందరూ ఇలా ఉండరు. ఇలా ఉన్నవాళ్ళందరూ డాన్సు చేయరు. మా వాడి విషయంలో డాన్సు చేసిందల్లా ఒక్కటే. వాడు ఊపిరి పీల్చుకునే కిటికీ అది. మేం దాన్ని మూశాం.

వేదిక మీద మగవాడు చీర కడితే మనకి కళ. రంగు కడిగేసుకుని మగవాడిగా ఇంటికి పోవాలి, అంతవరకే. కడిగినా పోనిది ఒకటుందని చెబితే మాత్రం ఇంట్లోకి రానివ్వం. రేవతి అనే తమిళ రచయిత్రి తన ఆత్మకథలో ఈ సంగతే రాసింది. మగపిల్లాడిగా పుట్టి, ఊరి జాతరలో ఆడవేషం కట్టి ఆడితే అందరూ మెచ్చుకున్నారు. ఊరికి అది వేషం, తనకి మాత్రం అదే తన అసలు రూపం. తర్వాత ఆ రూపంతోనే ఇంటికి తిరిగొస్తే సొంత అన్నదమ్ములే కొట్టారు. ఈ పుస్తకాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చింది పి.సత్యవతిగారు. దానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. 'ఇల్లలకగానే' కథ రాసిన సత్యవతిగారే. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ మనలో ఎంతమందికి గుండెలో దిగిందో నాకు తెలుసు. పేరు పోగొట్టుకున్న ఇల్లాలి బాధ అర్థమైనవాళ్ళకి, పేరు కోసం ఇల్లు వదిలిన మనిషి బాధ అర్థం కాకుండా పోతుందా?

ఇంక వాడి ఆదివారాల సంగతి. హైదరాబాదులో తనలాంటివాళ్ళు పది పన్నెండు మంది ఒక ఇంటి మేడ మీద కలుస్తారట. డ్రామా థెరపీలో శిక్షణ పొందిన ఒకావిడ నడిపిస్తుంది. ఆవిడా వాళ్ళలో మనిషే. మొదట నాకు ఇదేదో సరదా క్లబ్బు అనిపించింది. వాడు విడమరిచి చెప్పాడు. అక్కడ బాగా ఆడావు, బాగా గీశావు అని మార్కులుండవు. మాటల్లో చెప్పలేనిది చేతుల్లోంచో, కాళ్ళలోంచో బయటికి రావాలి, వచ్చినదాన్ని పక్కనున్నవాళ్ళు జడుసుకోకుండా చూడాలి, అంతే. ఓ వారం "చిన్నప్పుడు మీ ఇంట్లో దాక్కున్న చోటు గియ్యండి" అన్నారట. వీడు మా కొబ్బరి తోటలో పంపుసెట్టు గది గీశాడు. ఆ గదిలో వాడు ఇంటర్ రెండేళ్ళూ మధ్యాహ్నాలు కూర్చునేవాడని ఆ బొమ్మ ఫొటో పంపేదాకా మాకెవరికీ తెలియదు. మోటారు కట్టడానికి మావారు రోజూ వెళ్ళే గది అది.

ఇలాంటి వైద్యం కొత్తదేమీ కాదు. అమెరికాలో మరియన్ చేస్ అనే నర్తకి 1940లలోనే వాషింగ్టన్‌లో ఒక మానసిక వైద్యశాలలో రోగులతో అడుగులు వేయించింది. నోరు విప్పనివాళ్ళు కూడా కదిలారు. డాన్స్ థెరపీ అక్కడ అలా నిలదొక్కుకుంది. కానీ అదే అమెరికాలో, మానసిక వైద్యుల సంఘం పుస్తకంలో 1973 దాకా మా వాడిలాంటివాళ్ళ ఇష్టాన్నే జబ్బుగా రాసుకున్నారు. జబ్బని రాసినవాళ్ళ దగ్గరికి మందుకి ఎవరు వెళ్తారు? అందుకే వాళ్ళు ముందు తమ మందు తామే కుట్టుకున్నారు. కుట్టుకున్నారు అని ఊరికే అనలేదు.

1980లలో ఎయిడ్స్ వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో కుర్రాళ్ళు పిట్టల్లా రాలిపోయారు. కొన్నిచోట్ల శవాలకి అంత్యక్రియలు చేయడానికే ఒప్పుకోలేదు. కొన్ని కుటుంబాలు పేరెత్తడానికీ సిగ్గుపడ్డాయి. అప్పుడు క్లీవ్ జోన్స్ అనే ఆయనా, ఆయన స్నేహితులూ ఒక బొంత మొదలుపెట్టారు. పోయిన ఒక్కొక్కరికీ ఒక గుడ్డ, 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, అంటే ఇంచుమించు ఒక సమాధి అంత. దాని మీద పేరు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు అలాంటివి 1,920. ఇప్పుడు దాదాపు 50 వేలు, లక్షకు పైగా పేర్లు. మొత్తం బరువు 54 టన్నులట.

మనం బొంతలు కుట్టే జాతి కదండీ. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో వరస కుట్టు వేసుకుంటూ పోతాం. మా అత్తగారు పోయాక ఆవిడ చీరలతో నేనూ మా తోడికోడలూ బొంత కుట్టాం. ఆ ఇరవై రోజులు మేమిద్దరం ఆవిడ గురించి మాట్లాడుకున్నంత, ఆవిడ బతికున్నప్పుడు కూడా మాట్లాడుకోలేదు. తిట్టుకున్నాం కూడా. దుఃఖం చేతిపనిలో దిగుతుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ అమెరికా బొంతలో కొడుకు చొక్కా ముక్కలు పెట్టి కుట్టిన తల్లులున్నారు. అది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. వాళ్ళ మీద కాదు. కొడుకు పోయాక చొక్కా కుట్టే బదులు, ఉండగానే ఏదో ఒకటి చేయొచ్చు కదా అని. ఆ కోపం తిరిగి తిరిగి అటక మీదికే వచ్చింది.

అంత దూరం ఎందుకు, పక్క రాష్ట్రంలో మంజమ్మ జోగతి ఉంది. బళ్ళారి వైపు మనిషి. ఆడపిల్లగా బతుకుతానంటే ఇంటికి దూరమైంది, విషం తాగింది, బతికింది. దావణగెరె బస్టాండులో ఒక తండ్రి పాడుతుంటే కొడుకు తలమీద బిందె పెట్టుకుని ఆడటం చూసి, ఆ ఆట నేర్చుకుంది. మన గోదావరి వైపు జాతరల్లో గరగలు నెత్తిన పెట్టుకుని ఆడతారే, చూసేవాళ్ళకి అలాగే ఉంటుంది. తర్వాత కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైంది. 2021లో రాష్ట్రపతి భవన్‌లో పద్మశ్రీ తీసుకుంటూ, కోవింద్‌గారికి కొంగుతో దిష్టి తీసింది. ఆ వీడియో మీ అందరి ఫోన్లకీ వచ్చే ఉంటుంది. చూసి మురిసిపోయాం. అయితే ఒకటి, ఆట ఆమెని బతికించింది కదా అని, ఇంట్లోంచి తరిమినా ఫర్వాలేదులే, కళాకారులవుతారు అనుకోకూడదు. ఆ విషం ఆమె తాగింది ఇంటివాళ్ళ వల్ల. విషం తాగి బతకనివాళ్ళకి పద్మశ్రీలు రావు.

నా అభిప్రాయం ఇది. మన పిల్లల్ని మార్చడానికి వైద్యం అక్కర్లేదు. మనం చేసిన గాయానికి కావాలి. ఆ తేడా తెలియనివాడు డాక్టరైనా, బాబా అయినా, తాయెత్తు కట్టేవాడైనా గడప తొక్కనివ్వకండి. 'మారుస్తాం' అనే చికిత్సని డాక్టర్ల వృత్తికే తప్పుగా నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. అంతకు ముందు సంవత్సరం మద్రాసు హైకోర్టు ఆ చికిత్సని ఆపమంది. ఆ కేసు విన్న జడ్జి ఆనంద్ వెంకటేశ్‌గారు, ఈ విషయం తనకే సరిగా అర్థం కాలేదని ఒప్పుకుని, తీర్పుకి ముందు తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. హైకోర్టు జడ్జికి లేని నామోషీ కె.గంగవరంలో మనకెందుకో! పిల్లలు మరీ ముభావంగా ఉంటే ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్ ఉంది, 14416. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల కోసమే కాదు, మా తోడికోడలు తన కోసమే చేసింది.

మా పల్లెటూళ్ళలో డ్రామా థెరపీలు ఎక్కడివండీ అంటారు. నిజమే, లేవు. కోటిపల్లి రేవు దాటినా, ఇటు కాకినాడ దాకా వెళ్ళినా అంత సులువుగా దొరకవు. కానీ పిల్లాడు ముగ్గు వేస్తుంటే చీపురు తెచ్చి చెరిపేయకపోవడానికి ఏ శిక్షణా అక్కర్లేదు. ఆడపిల్ల డప్పు నేర్చుకుంటానంటే మూతి విరవకపోవడానికీ అక్కర్లేదు. వాడి ఆదివారాల్లో అసలు మందు ఆ బొమ్మలూ అడుగులూ ఎంతో, చూసే ఆ పదిమందీ అంతే. చూసేవాళ్ళలో ఒకరిగా ఉండటం మన చేతిలో పని.

ఫిబ్రవరిలో వాళ్ళందరూ కలిసి ఒక చిన్న ప్రదర్శన చేస్తున్నారట, టిక్కెట్టు లేదు, ఇంటివాళ్ళ కోసమే. వాళ్ళమ్మని, నాన్నని, మా ఇద్దర్నీ రమ్మన్నాడు. మా మరిది విని లేచి పొలానికి వెళ్ళిపోయాడు. మావారు "చూద్దాం" అన్నారు, ఆయన చూద్దాం అంటే ఏమిటో ముప్పై ఏళ్ళయినా నాకు తెలియదు. మా తోడికోడలు మాత్రం నా వంటింటి గుమ్మంలో నిలబడి, "నువ్వొస్తే నేనొస్తానక్కా" అంది.

గజ్జెలు దింపి చింతపండుతో తోమాం. తోలుపట్టీలు ఎండి చిట్లిపోయాయి, అయినా ఆ సైజు ఇప్పుడు వాడి కాలికి పట్టదు. మువ్వలు విప్పి లెక్కపెడితే మూడు తగ్గాయి. ఫోన్ చేసి చెబితే, "కొత్త పట్టీ నేను కుట్టించుకుంటాలే, మువ్వలు మాత్రం నువ్వే పట్టుకురా దొడ్డమ్మా, పార్శిల్ చేయకు" అన్నాడు. మావారింకా రైలు టిక్కెట్లు చేయించలేదు. ఎన్ని చేయించాలో తెలియదంటున్నారు. రెండు చేయించమన్నాను.