చెడిన సెల్‌ఫోనుకు జవాబుదారి యెవరు?

సొమ్ము చెల్లించుటకు కొనుగోలుదారునకు ఒక్క చోటు చాలును. కొన్న సరకు చెడినప్పుడు మాత్ర మతడు మూడు గడపలు త్రొక్కవలసియున్నది. సెల్‌ఫోను విషయమున నీ యన్యాయము నానాటికి ముదురుచున్నది. కొని నెల తిరుగక మునుపే మాట వినబడక, తెర నల్లబడి, చార్జింగు నిలువక ఫోను మొరాయించినచో, అంగడివారు ‘మేము అమ్మినవారమే గాని చేసినవారము కాము, కంపెనీవారి సర్వీసు సెంటరుకు పొండు’ అందురు. సర్వీసు సెంటరువారు ‘యంత్రము బాగుగనే యున్నది, లోపము నెట్‌వర్కుది’ అందురు. కానిచో ‘తేమ తగిలినది, వారంటీ చెల్లదు’ అందురు. నెట్‌వర్కు కంపెనీవారు ‘మా సిగ్నలుకేమియు కొదువ లేదు, మీ ఫోనును చూపించుకొనుడు’ అని ముగింతురు. ముగ్గురును మర్యాదగనే మాటలాడుదురు. ముగ్గురును సొమ్ము పుచ్చుకొన్నవారే. బాధ్యత మాత్రము ముగ్గురిలో నెవ్వరికిని అంటదు. ఆబోతులు పోట్లాడుకొని లేగల కాళ్లు విరుగద్రొక్కినట్లు, ఈ పెద్దల తగవులో నలిగిపోవుచున్నది కొనుగోలుదారుడు.

ఫోను చెడినంతమాత్రమున కొంప మునిగినదా యని తేలికగా త్రోసివేయువారు కలరు. ఎద్దు పుండు కాకికి ముద్దు. సెల్‌ఫోను విలాసవస్తువుగా నుండిన కాలము గతించినది. 2016లో యూపీఐ చెల్లింపులు ఆరంభమైన పిదప కూరగాయల బండివాని గల్లాపెట్టె సైతము ఫోనులోనికే చేరినది. బ్యాంకు ఖాతా తెరచుటకును, ఆధార్ ధ్రువీకరణమునకును, పరీక్షల దరఖాస్తునకును ఓటీపీ వచ్చునది యా ఫోనుకే. ఇంటింటికి భోజనము చేర్చు యువకునకు, పిలుపు వచ్చినచోటికి ఆటో నడుపువానికి, ఫోను లేని దినము కూలి లేని దినమే. పదునైదు దినములు ఫోనును సర్వీసు సెంటరు బల్లపై నుంచవలసివచ్చినచో, ఆ పదునైదు దినముల సంపాదన నెవరు పూడ్తురు? ఇది వస్తువు మరమ్మతును గూర్చిన చిన్న ప్రశ్న కాదు. సామాన్యుని బ్రతుకుతెరువును గూర్చిన ప్రశ్న.

ఈ చిక్కును విప్పుటకు మొదట లోపములను వేరుపరచి చూడవలెను. యంత్రమున పుట్టు లోపము వేరు, నెట్‌వర్కున పుట్టు లోపము వేరు. సిమ్ కార్డును మరియొక ఫోనులో నిడి చూచినచో చాలవరకు ఏది యేదియో తేలిపోవును. కాని రెండును కలిసిన చోట్లును కలవు. 2022 అక్టోబరు 1వ తేదీన మన దేశమున 5జీ సేవ ఆరంభమైనది. 5జీ ఫోనులని పేరుపెట్టి అమ్మినవానిని వేలకు వేలు పోసి కొన్నవారు పెక్కుమంది యానాడు ఆ సేవ నందుకొనలేకపోయిరి. నెట్‌వర్కు సిద్ధము, యంత్రములో నందుకు తగిన భాగమును సిద్ధము, కావలసిన సాఫ్ట్‌వేరు మాత్రము తయారీదారుల నుండి రావలసియుండెను. ప్రభుత్వమువారు ఇరుపక్షములను పిలిచి త్వరపెట్టవలసివచ్చినది. ఆపిల్ కంపెనీవారి ఫోనులకు ఆ సవరణ డిసెంబరులో గాని అందలేదు. ఇందు తప్పెవరిది యని కొనుగోలుదారుడు నిర్ణయింపగలడా? తనకు తెలియని యంత్రరహస్యమును తానే రుజువుపరచి, అటుపిమ్మట న్యాయ మడుగుమనుట ధర్మము కాదు.

నెట్‌వర్కు కంపెనీల సంగతి ముందు చూతము. అమెరికాలో నెక్కువమంది నెట్‌వర్కు కంపెనీ యంగడిలోనే, నెలసరి వాయిదాలపై ఫోను కొందురు. కావున బాధ్యత నెట్‌వర్కుదా, తయారీదారుదా యను వివాద మక్కడ మిక్కుటము. మన దేశమున ఫోను నొకచోట, సిమ్ కార్డును మరియొకచోట కొనుట వాడుక. అయినను రెంటిని ముడిపెట్టి యిచ్చిన సందర్భములు మనకును లేకపోలేదు. 2003లో రిలయన్సువారు 501 రూపాయలు ముందుగా పుచ్చుకొని ఫోనును కనెక్షనును కలిపి యిచ్చిరి. 2017లో జియోవారు తిరిగి యిచ్చెడి 1,500 రూపాయల ధరావతుపై జియోఫోను నిచ్చిరి. ఇట్టి చోట్ల నెట్‌వర్కు కంపెనీయే అమ్మకందారు. ఫోను చెడినచో ‘చేసినవారి నడుగుడు’ అనుట కతనికి నోరు రాకూడదు. ఫోనును తా నమ్మని చోట మాత్ర మతని బాధ్యత సేవకే పరిమితము. ఆ సేవాలోపమును గూర్చియైనను వినియోగదారుల న్యాయస్థానములకు పోరాదని 2009లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పువలన చాలకాలము తలుపులు మూతపడియుండెను. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము చూపిన మధ్యవర్తిత్వమే దారి యని యానాటి నిర్ణయము. 2022 ఫిబ్రవరిలో నదే సుప్రీంకోర్టు వోడాఫోన్ ఐడియా వ్యాజ్యమున ఆ తలుపులను తిరిగి తెరచినది. కాబట్టి సేవ చెడినచో నెట్‌వర్కు కంపెనీని జిల్లా వినియోగదారుల కమిషనుకు పిలిపించుటకు నేడు సందేహము లేదు.

ఇక అమ్మినవాని సంగతి. 1930 నాటి వస్తువిక్రయ చట్టము నేటికిని అమలున నున్నది. ఒక జాతి సరకును వ్యాపారముగా నమ్మువాడు, వర్ణనను బట్టి కొన్నవానికి, అమ్మకమునకు తగిన నాణ్యము గల సరకునే యీయవలెనని దాని 16వ సెక్షను విధించుచున్నది. ఇది అమ్మినవానికిని కొన్నవానికిని నడుమ గల ఒప్పందపు ధర్మము. తయారీదారుని వారంటీ కాగితముతో దీనికి సంబంధము లేదు. అంతకు మించి, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము లోపము గల సరకును తిరిగి పుచ్చుకొనుటకును సొమ్ము వాపసు చేయుటకును నిరాకరించుటయే అనుచిత వ్యాపారపద్ధతి యని స్పష్టపరచినది. బిల్లులో గడువు చెప్పియుండినచో నా గడువులోపల, లేనిచో 30 దినములలోపల సొమ్ము తిరిగి యీయవలెను. అట్లుండ ‘ఒకసారి అమ్మిన సరకు వాపసు తీసుకొనబడదు’ అను వాక్యము నేటికిని ఎన్ని బిల్లుల యడుగున అచ్చుపడుచున్నదో మా పాఠకు లెరుగుదురు. చట్టము ఒకటి చెప్పగా బిల్లు మరియొకటి చెప్పుచున్నది. జనులు బిల్లునే నమ్మి మిన్నకుండుచున్నారు. ఇంటర్నెట్టు అంగళ్లలో నమ్మువారికిని 2020 నాటి నియమములు ఇట్టి కట్టుబాటునే విధించినవి. అచ్చట ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను.

తయారీదారుడు తప్పించుకొనునా? తప్పించుకొనరాదు. ఫోను పేలి మనిషికి గాయమైనను, ఇల్లు కాలినను, 2019 చట్టము 84వ సెక్షను ప్రకారము తయారీలోపమునకు తయారీదారుడు బాధ్యుడు. తన యజాగ్రత్త లేదని రుజువుపరచుకొన్నను ఆ బాధ్యత తొలగదు. 2016లో శాంసంగ్ కంపెనీవారి గెలాక్సీ నోట్ 7 ఫోనులు బ్యాటరీలు కాలి మంటలు లేచినప్పుడు, సెప్టెంబరులో సుమారు 25 లక్షల ఫోనులను వెనుకకు పిలిచిరి. మారుగా నిచ్చినవియు కాలసాగెను. అప్పుడు తయారీదారుడు అమ్మకము నిలుపుటకు ముందే అమెరికాలోని ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ అను నెట్‌వర్కు కంపెనీలు వాని నిచ్చుట మానివేసినవి. అక్టోబరులో తయారీదారుడును ఆ ఫోనుకు స్వస్తి చెప్పెను. అమ్మువాడు గట్టిగా నిలిచినచో చేయువాడు దిగివచ్చునని యీ యుదంతము చాటుచున్నది. అయితే ఉత్పత్తి బాధ్యతను గూర్చిన యీ సెక్షనులు మనిషికిని ఇతర ఆస్తికిని కలిగిన హానికే వర్తించును. ఫోను తానై చెడిపోయిన నష్టమునకు వర్తింపవు. తెర యారిపోయినవానికి పాత దారియే గతి.

కావున మా యభిప్రాయ మిది: సొమ్ము పుచ్చుకొని బిల్లు వ్రాసి యిచ్చినవాడే మొదటి జవాబుదారి కావలెను. అంగడివాడైనను, ఇంటర్నెట్టు అమ్మకందారుడైనను, ఫోను నమ్మిన నెట్‌వర్కు కంపెనీయైనను సరియే. కొనుగోలుదారు డెరిగినది ఆ యొక్క ముఖమే. ఏ కంపెనీ సరకును తన యరలలో నుంచవలెనో నిర్ణయించినవాడు నతడే. తయారీదారునితో బేరమాడగల బలమును అతనికే కలదు. తుదకు దోష మెవరిదో వారిలో వారు తేల్చుకొందురు గాక. ఆ తగవు తీరువరకు కొన్నవాడు వీధిలో నిలువనక్కరలేదు. ఇది మా యూహ మాత్రము కాదు. ఐరోపా దేశములలో 1999 నాటి ఆదేశము మొదలు అమ్మినవాడే రెండేండ్లవరకు కొన్నవానికి బాధ్యుడు. 2019లో దానిని మరింత గట్టిపరచి, మొదటి సంవత్సరములో బయటపడిన లోపము అమ్మిననాడే యుండెనని భావింపవలెననిరి; కాదని రుజువుపరచుకొను భారము అమ్మినవానిదే. మన దేశముననో, లోపము ప్రయోగశాలలో పరీక్షింపవలసివచ్చినచో ఆ రుసుమును ముందుగా ఫిర్యాదిదారే ధరావతు చేయవలసి రావచ్చును. గాయపడినవాడే వైద్యుని సొమ్ము తెచ్చి తన గాయమును నిరూపించుకొనవలెనట!

చిన్న వర్తకులు ఈ భారమున చితికిపోదురని యెవరైన నాక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. ఒక వీధి యంగడి లక్షల కోట్ల కంపెనీతో పోరాడజాలదు. 2024 ఏప్రిల్లో దక్షిణ భారత చిల్లర వర్తకుల సంఘమువారు, లాభము తక్కువ, వారంటీ లెక్కల పరిష్కారమున జాప్యము మెండు అని చెప్పి, మే 1 నుండి వన్‌ప్లస్ ఫోనుల నమ్మబోమని ఆ కంపెనీకి లేఖ వ్రాసిరి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణము మొదలగు రాష్ట్రములలోని 4,500కు పైబడిన దుకాణములు అందు చేరియున్నవి. అనగా తయారీదారుని యాలస్యమువలన కొన్నవాడే కాదు, అమ్మినవాడును బాధితుడే. అందుకు మందు కొన్నవానిని వెడలగొట్టుట కాదు. అమ్మినవానికి తయారీదారునిపై తిరిగి రాబట్టుకొను హక్కును చట్టములో నిర్ణీతమైన గడువుతో నిచ్చుట. ఐరోపా చట్టమున నా హక్కు కలదు. భారము క్రిందివానిపై నాపక, మీదికి చేర్చు మార్గ మది. వర్తకులును, కొనుగోలుదారులును పరస్పరము శత్రువులుగా చూచుకొనుట మాని, ఈ కోర్కెను కలిసి కోరవలెను.

మరమ్మతు హక్కును గూర్చి మన ప్రభుత్వమువారు కొంత పూనిక చూపకపోలేదు. 2022 జూలైలో వినియోగదారుల శాఖవారు ఒక సంఘమును నియమించిరి. ఆ యేటి డిసెంబరు 24న మరమ్మతు సమాచారమునకై పోర్టలు నొకదానిని తెరచిరి. మరమ్మతునకు ఫోనులు ఎంత యనువో సూచిక వేయుటకై 2024లో మరియొక సంఘమును నిలిపిరి. కాని పోర్టలు సమాచార మిచ్చునేగాని హక్కు నీయదు. ఐరోపాలో 2025 జూన్ 20 నుండి, ఒక రకపు ఫోను అమ్మకము నిలిచిన తరువాత సైతము ఏడేండ్లు దాని విడిభాగములు దొరకవలెనని శాసించిరి. విడిభాగము దొరకనిచో బాధ్యు డెవరని తేలినను ఫోను బాగుపడదు గదా!

మేము కోరునవి నాలుగు. అమ్మినవాడే మొదటి బాధ్యుడని చట్టము సూటిగా చెప్పవలెను. అతనికి తయారీదారునిపై తిరుగుబాకీ హక్కు నీయవలెను. తొలి సంవత్సరములో లోపము లేదని రుజువుపరచుకొను భారమును, పరీక్షరుసుమును, అమ్మినవారిపై నుంచవలెను. మరమ్మతునకు గడువు నిర్ణయించి, గడువు మించినచో వాడుకొనుటకు మారుఫోను నీయవలెను. ఇందేదియు అసాధ్యము కాదు.

చట్టము మారువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుటయు తగదు. కొన్నవారికిని ధర్మము కలదు: నీటిలో పడవేసిన ఫోనును లోపపు ఫోనని చూపరాదు. కాని నిజముగా చెడిన ఫోను చేతిలో నున్నవాడు తలవంపవలదు. బిల్లును భద్రపరచుకొనుడు. సర్వీసు సెంటరులో నిచ్చిన ప్రతిసారియు తేదీతో, లోపముతో వ్రాతమూలమైన చీటీ పుచ్చుకొనుడు. నోటిమాట న్యాయస్థానమున నిలువదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చును. అప్పటికిని కానిచో జిల్లా కమిషను కలదు. తాను నివసించు జిల్లాలోనే, కారణము కలిగిన రెండేండ్లలోపల, వకీలు లేకయే ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయలలోపు సరకునకు రుసుము లేదు. అమ్మినవానిని, చేసినవానిని, అవసరమైనచో నెట్‌వర్కు కంపెనీని, ముగ్గురిని ఒక్క ఫిర్యాదులోనే ప్రతివాదులుగా నిలుపవచ్చును. విడివిడిగా నొకరిపై నొకరు నెట్టుకొనువారు ఒక్క బోనులో నిలిచినప్పుడు నిజము తప్పక పైకి వచ్చును. గ్రంథాలయములలో నీ పత్రికను చదువు సోదరులు, చదువనేరని తమ యిరుగుపొరుగువారికి ఈ నాలుగు సంగతులు చెప్పినను గొప్ప మేలు చేసినవా రగుదురు.

సొమ్ము పుచ్చుకొన్న చేయియే సమాధానము చెప్పవలెను. వ్యాపారధర్మ మింతకన్న వేరులేదు.