తలకు ఐదువేలు, కొండంత సాహసము

గిరిజనుడు సాహసింపవలెనని, ఆదాయవ్యయముల పద్దు ముందుగా వ్రాసికొనుట నేర్వవలెనని, నష్టమునకు వెఱచువాడు లాభమును కానలేడని మన్యమునకు విచ్చేయు ప్రతి ఉపన్యాసకుడును ఈనడుమ ఉద్బోధించుచున్నాడు. పాచిపెంట మొదలు సీతంపేట వరకు శిక్షణ సమావేశములలో వినవచ్చు ఈ హితవచనములకు పత్రికలలోని పండితులు కూడ వంతపాడుచున్నారు. సాహసింపుమని తాము పురికొల్పుచున్న మనుష్యుని చేతిలో ప్రభుత్వము పెట్టిన మదుపు ఎంత అని వీరిలో ఒక్కరైనను అడిగిన పాపమున పోలేదు. ఆ మొత్తము తలకు ఐదువేల రూపాయలు.

2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో ప్రారంభమైన, గిరిజనుల అటవీ ఉత్పత్తులకు విలువ చేర్చుటకు ఉద్దేశించిన వన్‌ధన్ పథకపు నిబంధన ప్రకారము, ఇరువదిమంది చొప్పున గల పదునైదు స్వయంసహాయక సంఘములు కలిసిన ఒక కేంద్రమగును. సభ్యులు 300 మంది. కేంద్రమునకు ఇచ్చు సాయము హెచ్చుగా 15 లక్షల రూపాయలు. పదునైదు లక్షలన్న అంకె సభలో చదివినపుడు చప్పట్లు మ్రోగును. దానిని మున్నూటితో భాగించి చదువు అలవాటు మాత్రము ఏ సభకును లేదు. శిక్షణయు, పనిముట్లును, సరకునకు చేర్చు విలువయు, వ్యాపారియై నిలువవలసిన ధైర్యమును ఆ ఐదువేలలోనే ఇమిడిపోవలెనట!

ఈ సొమ్మును జీడిపిక్కలలోనికి మార్చి చూతము. కిలో నూరు రూపాయలని అనుకొన్నచో ఐదువేలకు వచ్చునవి ఏబది కిలోలు. పలాస వర్తకులు ధర చెప్పుకొను బస్తా ఎనుబది కిలోలది. అనగా మన నూతన వ్యాపారి మదుపు మొత్తమును పిక్కలకే వెచ్చించినను ఒక్క బస్తా నిండదు. కిలో పప్పు తీయుటకు రమారమి నాలుగు కిలోల పిక్కలు కావలెను గనుక, ఆ నిండని బస్తానుండి దిగునది పండ్రెండు పదమూడు కిలోల పప్పు. ఇక ఎండబెట్టు కళ్ళము, ఉడికించు బాయిలరు, కోతయంత్రము, కూలి, కరెంటు బిల్లు, సాలూరు చేర్చుటకు ఆటోకిరాయి ఎచటనుండి రావలెను?

సొమ్ము చాలకపోవుట ఒక ఎత్తు, అది వేళకు చేతికందకపోవుట మరియొక ఎత్తు. జీడి మార్చి నుండి మే వరకు రాలును. ఆ వారములలో సంతకు వచ్చు షావుకారు రొక్కముతో వచ్చును. అతడు ఆషాఢ శ్రావణములలో చోళ్ళు నిండుకొన్న ఇంటికి అడ్వాన్సు ఇచ్చియున్నవాడు కూడను. పిక్కలను రెండు మూడు దినములు ఎండబెట్టి అమ్మిన మేలని ఎరుగని రైతు కొండపై లేడు. అయినను ఆ పూట ఉప్పునకు, కిరసనాయిలునకు పైకము కావలసిన ఇల్లాలు పచ్చిపిక్కనే కాటా ఎక్కించును, షావుకారు తేమ పేరిట తరుగు తీసి మిగిలినదానికే ధర కట్టును. ఇది అజ్ఞానము కాదు, రొక్కము లేమి. దీనికి లెక్కల పాఠము చెప్పుట ఆకలిగొన్నవానికి పథ్యము బోధించుటయే.

అనిశ్చితిని గూర్చి ఈ ప్రజలకు ఒకరు చెప్పవలసినది లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానములోని జీడితోటలను వేళ్ళతో పెకలించివేసినది. మరల నాటిన చెట్టు కాపునకు వచ్చుటకే మూడు నాలుగేండ్లు. ఆఫ్రికానుండి దిగుమతియగు పిక్కల రాకపోకలనుబట్టి పలాస ధర ఎక్కిదిగుచుండ, పాచిపెంట రైతు ఆ ఓడలను కన్నులతో చూడకయే వాని ఫలితము ననుభవించుచున్నాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి వారపుసంతలు మూతపడినవి. కేంద్ర ప్రభుత్వము 49 అటవీ ఉత్పత్తుల కనీస మద్దతు ధరలను సవరించినది మే 1న. చింతపండు అప్పటికి చాలవరకు చెట్టు దిగి, సంచులకెక్కి, వచ్చిన ధరకు చేతులు మారినది. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటకు ఇంతకంటె సర్కారీ నిదర్శనము దొరకదు.

అరకు కాఫీ విజయగాథను వల్లించువారు కూడ ఒక విషయమును దాటవేయుచున్నారు. 2017లో పారిస్ నగరమున దుకాణము తెరచుకొని, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కాఫీ, గిరిజనుడు ఒంటరిగా సాహసించుటవలన పుట్టినది కాదు. మొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని గింజ కానరాని ఆ పంటకు మొక్కలును, నీడచెట్లును, తొలియేండ్ల సాయమును సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీబోర్డుల పద్దులలోనుండి వచ్చినవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను సిల్వరుఓకు చెట్లను కూల్చినపుడు సయితము తోట నిలద్రొక్కుకొన్నదన్న, రైతు వెనుక ఒక సంస్థ నిలిచి యుండుటయే కారణము. ఓర్పుగల మదుపు ముందు, సాహసము వెనుక: ఆ కొండలు నేర్పిన క్రమమిది. తలకు ఐదువేల పథకము దీనిని తలక్రిందులు చేసినది.

ఐదువేలు విత్తనము మాత్రమే, మిగిలినది బ్యాంకు ఇచ్చునని కొందరందురు. ఉచితములు మనిషిని చెఱచునని మరికొందరందురు. యంత్రములు మూలబడిన కేంద్రములు లేవని నేను అనను. కాని సరకు కొనుటకు పైకము లేనిచోట యంత్రము మూలబడక ఏమి చేయును? ఇంకను తెగించిన పండితులు, గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించిన 1959 నాటి నిబంధనను, దానిని బిగించిన 1970 సవరణను సడలించినచో భూమియే పెట్టుబడియగునని సలహా ఇచ్చుచున్నారు. ఓడినను మరల లేచుటకు కాలిక్రింద నేల మిగిలినంతవరకే దానిని సాహసమనవలెను. ఆ నేలనే పందెమొడ్డుమనుట జూదము. ఈ సలహాదారులు గిరిజనుని చేత నేల విడిచి సాము చేయింపజూచుచున్నారు.

చేయవలసినది రహస్యము కాదు. పద్దును మంచియేటి ధరతో కాక చెడ్డయేటి ధరతో ఆరంభింపవలెను. ఆ ధరకును నిలువగల యంత్రమునే కొనవలెను. 1956లో గిరిజన సహకార సంస్థను స్థాపించినది ఎందులకో గుర్తుంచుకొని, కొనుగోలు ధరను కాపునకు ముందుగానే చాటి, ఫిబ్రవరి వెళ్ళకముందే సంఘముల చేతికి రొక్కమందజేయవలెను. చెడ్డయేట కలుగు నష్టమునకు ఒక నిధి ఉండవలెను. అప్పుడు ఒక ఇల్లాలు రెండు బస్తాల పిక్కలను శ్రావణము వరకు అమ్మక నిలువచేసినచో అది చేయదగిన సాహసమే. ఒక యువకుడు పి.కోనవలస ఘాటు దాటి కోరాపుట్టులో బేరము వెదకినచో అదియు చేయదగినదే. ఓడిపోయినను వారు మరుసటి యేడు సంతకు రాగలరు.

దీనికి నిధులు లేవనువారు, శిక్షణ శిబిరములకును, వేదికలకును, బ్యానర్లకును నిధులెట్లు దొరకుచున్నవో మొదట చెప్పవలెను. తలకు ఐదువేలిచ్చి తెగింపుమని బోధించు అధికారి, నెలనెలా వచ్చు తన జీతమును ఒక్క యేడాదిపాటు జీడిపిక్కల ధరకు ముడివేసికొని, ఆ యేడాది ఇల్లు గడిపిన పద్దును మాకు చూపవలెను. అంతవరకు ధైర్యమును గూర్చి ఈ కొండవారికి ఉపన్యసించు అర్హత ఆయనకు లేదు.