దొరకనిదానికీ ఒక లెక్క

తొలకరి పడితే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం చేరతారు. వంచిన తల ఎత్తరు. వాన కడిగిన మట్టిలో వజ్రం మెరవకపోతుందా అని ఆశ. దొరికినవాడి సంగతి జిల్లా అంతా చెప్పుకుంటుంది. దొరకనివాడు ఏ చేను ఎంతమేర గాలించాడో ఎవరూ రాసిపెట్టరు. మర్నాడు ఇంకొకడు వచ్చి అదే చేను మళ్ళీ గాలిస్తాడు.

మా కడపలో ఒక తల్లి నన్నడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే వుంది. ఆమె కొడుకు పరమాణువు లోపలి కణాలమీద పరిశోధన చేస్తున్నాడు. "ఐదేండ్ల నుంచి వెతుకుతా ఉండాడన్నా. ఏమీ దొరకలేదంటాడు. దొరకందానికి డాక్టరు పట్టా ఎట్లిస్తారు?" అన్నది. నవ్వి వూరుకోదగ్గ ప్రశ్న కాదది.

ఆ అబ్బాయి వెతికేది 'సూపర్ సిమెట్రీ' కణాలను. మనకు తెలిసిన ప్రతి కణానికీ ఇంకా కంటబడని జోడీ ఒకటి వుండాలని 1970 తర్వాత కొందరు శాస్త్రజ్ఞులు ఊహించారు. ఎలక్ట్రానుకు సెలెక్ట్రాన్, గ్లూవానుకు గ్లూయినో అని పేర్లు కూడా పెట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నమాట!

యంత్రానికైనా చిక్కని కణం వుంటే దాన్ని పట్టేదెట్లా? జెనీవా దగ్గర సెర్న్‌లో, సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టు సొరంగంలో ప్రోటాన్లను ఎదురెదురుగా ఢీకొట్టిస్తారు. ముక్కలు నలువైపులా చిమ్ముతాయి. ఒక పక్కకు పోయిన ఊపు రెండో పక్క ఊపుతో సరిపోవాలి. సరిపోలేదంటే ఏదో కనబడకుండా జారుకున్నదన్నమాట. కొట్టు కట్టేముందు షావుకారు గల్లాపెట్టె లెక్క చూసుకోడూ, అలాగే. అయితే న్యూట్రినో అనే పాతదొంగ కూడా ఇలాగే జారుకుంటుంది. దాని వాటా తీసివేశాక కూడా లెక్క తగ్గితేనే కొత్తదొంగ వున్నట్లు.

అక్కడ 2012లో హిగ్స్ కణం దొరికింది. జోడీకణం ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. కాని గ్లూయినో అనేది వుంటే, సాధారణంగా వేసే లెక్కల ప్రకారం, అది ప్రోటాన్ కంటె 2000 రెట్లకు పైగా బరువుండాలని తేలింది. "ఇంతమేర గాలించాము, ఇక్కడ లేదు" అని అచ్చువేశారు. ఆ హద్దురాయి పాతినందుకే పట్టా ఇస్తారని ఆమెకు చెప్పాను.

దీనికి తార్కాణం మనకు దగ్గరలోనే వుంది. తెలుగువాళ్ళెందరో చెమటోడ్చిన కోలారు బంగారు గనిలో, 2 కిలోమీటర్లకు పైగా లోతున, 1980 నుంచి టాటా మౌలిక పరిశోధన సంస్థవారూ జపాను శాస్త్రజ్ఞులూ 140 టన్నుల ఇనుము పేర్చి కాపలా కాశారు. ప్రోటాన్ ఎప్పటికైనా విరుగుతుందా అని! కొన్ని గుర్తులు కనిపించాయన్నారు గాని, ఇతర దేశాల పెద్ద యంత్రాల్లో అవి రూఢి కాలేదు. ఆ దొరకకపోవడమే పనికొచ్చింది. ప్రకృతి బలాలను ఏకం చేయబోయిన సిద్ధాంతాల్లో అన్నిటికంటె సులువైనది దానితో మూలపడింది. సూపర్ సిమెట్రీ కలిపినవి, ప్రోటాన్ ఇంకా ఆలస్యంగా విరుగుతుంది గనుక, నిలిచాయి.

కోలారు గని 2001లో మూతపడింది. ప్రోటాన్ కాపలా మాత్రం జపానులో సాగుతూనే వుంది, వెనుకటివారు గాలించిన మేర దాటిన చోటునుంచి.