చెమట పట్టే కుండ

ఎండలు ముదరగానే మా సిద్దిపేటలో రంజన్ల బేరం మొదలవుతుంది. ఈయేడు ఆ పని నేనే నెత్తిన వేసుకుని, ఎర్రరంగు పూసిన కుండ ఒకటి తెచ్చాను. చుక్క కారదు. "చెమట పట్టని కుండలో నీళ్లు చల్లబడతాయా?" అన్నది మా ఆవిడ. సాయంత్రానికి ఆవిడ మాటే నెగ్గింది. సందుల్లోంచి ఊరిన తడి ఆవిరైపోతూ వేడిని పట్టుకుపోవాలి గదా. నేను తెచ్చినదానికి రంగు ఆ సందులు పూడ్చేసింది.

భౌతికశాస్త్రం చదివే మా మేనల్లుడు అక్కడే ఉన్నాడు. "కుండలోంచి నీరు మెల్లగా ఊరేది దాని జిగటవల్ల, మామా. జిగట లేకుండా పారే ద్రవం ఒకటుంది" అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నీటికి జిగటేమిటన్నాను. "తేనెకన్న తక్కువ, అంతే" అన్నాడు.

ఆ ద్రవం హీలియం. మనకు కొత్త చుట్టం కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నంలో పాగ్సన్ పరిశీలించారు. ఆ సూర్యజ్వాలల వెలుగులో కనబడిన పసుపుపచ్చ గీత దీని జాడే. సున్నా సెంటిగ్రేడుకు సుమారు 271 డిగ్రీలు దిగువకు చల్లార్చితే ద్రవహీలియం తీరే మారిపోతుందని 1938లో మాస్కోనుంచి కపిట్సా, కేంబ్రిడ్జినుంచి అలెన్, మైసెనర్ ప్రకటించారు.

అప్పుడది మామూలు ద్రవాలు కదలలేని సందుల్లోంచి కూడా జారిపోతుంది. అయితే అంతా జారదు. అసలు తమాషా అక్కడే. అందులో రెండు భాగాలున్నట్టు లెక్క. వేడిని మోసే భాగానికి జిగట ఉంది, అది సందుల్లో చిక్కుకుంటుంది. రెండోది వేడిని వెనకే వదిలి వట్టిచేతులతో దాటుతుంది. దాటినవైపు చల్లబడుతుంది, మిగిలినవైపు వెచ్చబడుతుంది. గుడ్డలో టీ వడగట్టినట్టు వేడిని వడగట్టడమన్నమాట! ఒకవైపు మనమే వెచ్చచేస్తే ద్రవం ఆ వైపుకే పరుగెత్తుతుంది. మెత్తని పొడి దట్టించిన గొట్టంమీద వెలుతురు పడితే, 1938లోనే, అలెన్ ముందు హీలియం ఫౌంటెన్‌లా ఎగజిమ్మింది.

"దాంతో ఏం పని?" అన్నది మా ఆవిడ.

1983లో ఐరాస్ అనే టెలిస్కోపును హీలియంతో చల్లబరిచి అంతరిక్షానికి పంపారు. అక్కడ ద్రవం అడుగున నిలవదు. ఆవిరి పోవడానికి దారి ఇస్తే ద్రవమూ పోతుంది. అందుకని ఆ దారికి సన్నసందులున్న బిళ్ల బిగించారు. బిళ్ల బయటి ముఖాన హీలియం ఆవిరై చల్లబడుతుంది; లోపలివైపు వెచ్చన గనుక ద్రవం లోపలికే లాగబడుతుంది, ఆవిరి మాత్రం పోతుంది. అలా పది నెలలు గడిచింది.

"అయితే అదీ చెమట పట్టే కుండేగా!" అన్నది ఆవిడ.

మర్నాడు రంగులేని రంజన్ తెచ్చాను. మధ్యాహ్నానికి దానికింద నేల తడిసింది.