ఎడారి అణు కేంద్రం నీళ్ల లెక్క చెప్పండి

అరిజోనా పబ్లిక్ సర్వీస్ కంపెనీ యాజమాన్యానికి,

పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రాన్ని నడిపేది మీరే కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను. మీరు తెలుగు చదవకపోవచ్చు గానీ, ఫీనిక్స్‌లో మీ కరెంటు వాడుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు చదువుతారు.

అణు విద్యుత్తు వద్దని చెప్పడానికి రాయడం లేదు. 2023లో ఇక్కడ వరసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలు దాటి కాసింది. ఆ ఏడాది ఒక్క మా మారికోపా కౌంటీలోనే వేడిమి కారణంగా 645 మంది పోయారు. ఇలాంటి ఊళ్లో రాత్రీ పగలూ ఆగని కరెంటు ఎంత అవసరమో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

నా పేచీ అంతా నీళ్ల దగ్గరే.

పెద్ద అణు కేంద్రం అంటే ఏ సముద్రం ఒడ్డునో, నది పక్కనో కడతారు. మీది ఊరికి పడమరగా సుమారు 80 కిలోమీటర్ల అవతల, ఎడారి నడిబొడ్డున ఉంది. మూడు రియాక్టర్లు, దాదాపు 4,000 మెగావాట్లు. 1986 నుంచి నడుస్తోంది. దాన్ని చల్లబరిచే నీళ్లు మా స్నానాల గదుల నుంచి, వంటింటి సింకుల నుంచి, మొహమాటమెందుకు, మరుగుదొడ్ల నుంచి వస్తాయి. 91వ అవెన్యూ మురుగుశుద్ధి కేంద్రం దాటిన నీళ్లు 58 కిలోమీటర్ల దూరం పైపులో సాగి మీ ఆవరణకు చేరతాయి. అక్కడ సున్నం, సోడా యాష్ వేసి కాల్షియం, సిలికా వగైరా తగ్గిస్తారు. లేకపోతే కండెన్సర్ గొట్టాల్లో గార పేరుకుపోతుంది. తర్వాత అవే నీళ్లను కూలింగ్ టవర్లలో ఇరవై సార్లకు పైగా తిప్పి, మిగిలిన ఉప్పు నీటిని ఆవిరి చెరువుల్లో వదిలి ఎండబెడతారు. బయట ఏ వాగులోకీ చుక్క వదలరు. ఈ పథకం వేసిన ఇంజినీర్లకు దండం పెట్టాలనిపిస్తుంది, నిజంగానే.

అయితే వాళ్లు లెక్క వేసింది 1970లలో. మురుగు నీళ్లు అప్పట్లో వదిలించుకోవాల్సిన బెడద. ఇప్పుడు వాటికి పోటీ మొదలైంది. కొలరాడో నదిలో అరిజోనా వాటాకు 2022లో దాదాపు 18 శాతం కోత పడింది. వాడిన నీటినే మళ్లీ తాగునీరుగా మార్చేందుకు రాష్ట్రం 2025లో నిబంధనలు తెచ్చింది, ఫీనిక్స్ నగరం ఆ పనిలో పడింది కూడా. ట్రెస్ రియోస్ చిత్తడి నేలల్లో కొంగలు బతికేదీ ఆ 91వ అవెన్యూ నీళ్ల మీదే. వీటన్నిటి మధ్య మీరు ఏటా తీసుకునేది సుమారు 7,500 కోట్ల లీటర్లు. మనవాళ్ల కొలతలో చెప్పాలంటే రెండున్నర టీఎంసీల పైమాటే.

తయారయ్యే కరెంటుతో భాగిస్తే యూనిట్‌కు రెండు లీటర్లు దాటుతుంది. జులైలో 2,000 యూనిట్లు కాల్చే ఇంటికి ఆ కరెంటంతా మీ కేంద్రం నుంచే వస్తే, హైదరాబాద్‌లో వేసవిలో అపార్ట్‌మెంటుకు తెప్పించుకునే అయిదు వేల లీటర్ల ట్యాంకరు దాదాపు ఒకటి ఆవిరైపోయినట్టే. ట్యాంకరు వస్తే గుమ్మం దగ్గర కనబడుతుంది, డబ్బులు కట్టేటప్పుడు ఉసూరుమంటాం. ఇది ఎవరి కంటా పడదు.

అసలు చిక్కు తేదీల్లో ఉంది. మురుగు నీళ్లిచ్చే నగరాలతో 2010లో మీరు చేసుకున్న నీటి ఒప్పందం 2050 వరకే. మూడు రియాక్టర్ల లైసెన్సులు 2045, 46, 47 వరకు ఉన్నాయి కాబట్టి ఇప్పటికి సరిపోతుంది. కానీ ఇంకో ఇరవై ఏళ్ల పొడిగింపు అడిగే ఆలోచనలో ఉన్నారు కదా. అది దొరికితే 2065 దాకా, ఆ పైన కూడా నడుపుతారు. 2050 తర్వాత ఆ పదిహేనేళ్లకు పైగా నీళ్లెక్కడివి? అప్పటికి ఆ నీళ్లు జనం తాగే నీళ్లయి ఉంటే, కుళాయికా, కూలింగ్ టవర్‌కా అన్న తగువు ఎవరు తీరుస్తారు?

బకాయ్ పట్టణం వైపు ఉప్పదనం ఉన్న భూగర్భ జలాల్ని కలిపి వాడే ప్రయోగాలు చేశారు. మంచి పనే. వాటితో ఎంత భాగం తీరుతుందో, ఎన్నేళ్లు తీరుతుందో మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో రాసిపెట్టండి. నీళ్లకు బదులు గాలితో చల్లబరిస్తే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఉత్పత్తి ఎంత పడిపోతుందో, ఆ ఖర్చు బిల్లులో ఎంత పెరుగుతుందో అది కూడా చెప్పండి. భారం అయినా సరే, ఇప్పుడే తెలిస్తే నగరాలు తమ పథకాలు దాన్నిబట్టి వేసుకుంటాయి. డేటా సెంటర్లకూ చిప్ ఫ్యాక్టరీలకూ కరెంటిస్తామని మాటిచ్చే ముందు తేలాల్సిన లెక్క ఇది.

వాడేసిన ఇంధనం కూడా అక్కడే కాంక్రీటు పీపాల్లో ఉంది. దాన్ని తీసుకెళ్లే బాధ్యత కేంద్ర ప్రభుత్వానిది, మిమ్మల్ని నిలదీసి లాభం లేదు.

నీటి సంగతి అలా కాదు, అది మీ చేతుల్లోనే ఉంది. పొడిగింపు దరఖాస్తు అణు నియంత్రణ సంఘానికి పంపేలోపు, 2050 తర్వాతి నీటి ప్రణాళికను ఫీనిక్స్, మేసా, టెంపే, స్కాట్స్‌డేల్, గ్లెండేల్ నగరాల్లో బహిరంగ సభలు పెట్టి వినిపించండి. మురుగు మాదే కాబట్టి అడుగుతున్నాం. ఇక నెలనెలా వచ్చే బిల్లులో యూనిట్ల పక్కన లీటర్లు కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
ఫీనిక్స్ నుంచి మీ వినియోగదారుడు